పిస్టన్ పట్టేసిన పాత చైన్ సా: విప్పడం నుంచి మళ్లీ కోసేదాకా

పాత చైన్ సాకి కొత్త పిస్టన్ వేయడం పెద్ద పనేం కాదు. పాత పిస్టన్ ఎందుకు పోయిందో కనుక్కోవడమే అసలు పని. నా టైములో ఎక్కువ భాగం దానికే పోయింది, మిగిలింది పార్సిళ్ల కోసం ఎదురుచూడటంలో పోయింది. ఇంజన్ బిగించడానికి పట్టింది మాత్రం ఒక్క సాయంత్రం. ఆగస్టు మొదట్లో మొదలుపెట్టింది నవంబరులో తేలింది. ఈ పని పెట్టుకోవాలనుకునేవాళ్లకి అక్కరకొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మిషన్ మా బాబాయి వాడి వదిలేసింది. సుమారు 49 సీసీ, 44 మిల్లీమీటర్ల బోరు (పిస్టన్ ఆడే సిలిండర్), పాతికేళ్ల నాటి మోడల్. తాడు లాగితే చేతికి బరువే తగల్లేదు. మామూలుగా ఈ సైజు ఇంజన్ తాడు లాగినప్పుడు ఎదురు తంతుంది. ఇది మెత్తగా తిరిగిపోయింది. ఒక మెకానిక్‌కి చూపిస్తే రెండుసార్లు తాడు లాగి, "పిస్టన్ పోయింది సార్, బోరు కూడా పోయే ఉంటుంది. దీనికి పెట్టే డబ్బుకి ఇంకాస్త కలుపుకుంటే కొత్తది వస్తుంది" అన్నాడు. సైలెన్సర్ కూడా విప్పకుండా ఇచ్చిన తీర్పు అది. మొదటి సగం నిజమే. రెండో సగం మాత్రం నాకు మింగుడు పడలేదు.

బోరులో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే 70 పీఎస్ఐ దగ్గర ఆగింది. ఇలాంటి ఇంజన్ సరిగా నడవాలంటే 120 పైన ఉండాలి, 150 ఉంటే బాగున్నట్టు. ఇక్కడ ఒక చిన్న సంగతి. కార్లకి వాడే కొన్ని గేజ్‌లలో వాల్వు గొట్టానికి పైన గేజ్ దగ్గర ఉంటుంది. చైన్ సా బోరు చిన్నది కాబట్టి ఆ గొట్టంలోని ఖాళీ కూడా లెక్కలోకి వచ్చి రీడింగ్ బాగా తక్కువ చూపిస్తుంది. వాల్వు ప్లగ్గు మర దగ్గరే ఉన్న గేజ్ కావాలి. లేకపోతే మంచి ఇంజన్‌ని కూడా చచ్చిందనుకుని విప్పేస్తారు.

తర్వాత సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి చూశాను. పిస్టన్ మీద నిలువుగా, పై నుంచి కింద దాకా గీతలు. లోహం కరిగి పూసినట్టు మసక మసకగా ఉంది. పై రింగు గాడిలోనే అతుక్కుపోయింది, గోరుతో నొక్కితే కదల్లేదు. కార్బొరేటర్ తీసి ఇన్‌టేక్ వైపు నుంచి చూస్తే అటు పక్క పిస్టన్ శుభ్రంగా ఉంది, తయారీలో పడిన సన్నటి గీతలు కూడా చెక్కుచెదరలేదు. ఈ తేడా చాలా ముఖ్యం. ఇన్‌టేక్ వైపు అరిగి ఉంటే ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లిందని అనుమానించాలి. చుట్టూ నాలుగు మూలలా పట్టేసి ఉంటే బోరుని చల్లబరిచే ఫిన్నుల్లో పొట్టు పేరుకుని ఇంజన్ మొత్తం వేడెక్కిందనుకోవాలి. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే గీతలంటే ఆయిల్ కలపని పెట్రోలైనా పోసుండాలి, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనా ఉండాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఆయిల్ పెట్రోలుతో పాటే వస్తుంది కాబట్టి పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గినట్టే.

బాబాయికి ఫోన్ చేసి అడిగాను. ఆయిల్ విషయంలో ఆయన చాలా పట్టింపు మనిషి, లీటరుకి 20 మిల్లీలీటర్లు కొలిచి మరీ పోస్తాడు. "ఆయిల్ సంగతి కాదురా. ఆఖర్లో ఎక్సలేటర్ వదిలేసినా దానంతట అదే రేజ్ అయ్యేది. ఐడిల్ స్క్రూ తిప్పి తగ్గించేవాణ్ని. ఒకరోజు కోస్తూ కోస్తూ ఆగిపోయింది" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం రోగం తెలిసిపోయింది. ఎక్కడో గాలి లాగుతోంది. గాలి లాగే ఇంజన్ ఐడిల్‌లో పైకి ఎగబాకుతుంది. ఐడిల్ స్క్రూతో దాన్ని కిందికి దించితే శబ్దం సరిపోతుంది గానీ లోపలి మిశ్రమం పల్చగానే ఉంటుంది. పాత మిషన్ మీ చేతికొస్తే వాడిన మనిషిని ముందు ఈ ప్రశ్నే అడగండి: ఆగిపోయే ముందు ఎలా మోగింది?

ఆగస్టు రెండో వారంలో పిస్టన్ కిట్టు, కార్బొరేటర్ కిట్టు ఆర్డర్ పెట్టాను. మూడు వారాల దాకా రావన్నారు. ఇంజన్ విప్పకముందే లీక్ టెస్ట్ చేయాలని ఈ ఖాళీలో నిర్ణయించుకున్నాను. ఒకసారి విప్పేశామంటే ఏ సీలు (క్రాంక్ బయటికొచ్చే చోట గాలి ఆపే రబ్బరు రింగు) దగ్గర గాలి లాగిందో చెప్పే సాక్ష్యం పోతుంది. పిస్టన్ పాడైనా టెస్ట్‌కి అడ్డం కాదు. ప్లగ్గు బిగించి, ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ రెండూ మూసేస్తే బోరు, దాని కింద క్రాంక్ తిరిగే గది అయిన క్రాంక్ కేసు కలిపి ఒకే మూసిన డబ్బా అవుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి ఒకటి సైలెన్సర్ కింద, ఇంకొకటి కార్బొరేటర్ కింద పెట్టి బోల్టులు బిగించాను. క్రాంక్ కేసు నుంచి కార్బొరేటర్‌కి వెళ్లే పల్స్ గొట్టానికి చేతి పంపు తగిలించాను. పంపు మాత్రం ప్రెజర్, వాక్యూమ్ రెండూ చేసేది, గేజ్ ఉన్నది కావాలి. ఈ మొత్తం పనిలో నేను కొన్న అన్ని పనిముట్లలోకీ దండగ కానిది ఇదే.

మొదట ప్రెజర్. 0.5 బార్ దాకా కొట్టి చూస్తూ కూర్చున్నాను. ముల్లు కదల్లేదు. సబ్బు నీళ్లు అన్ని కీళ్ల మీదా పోశాను, ఒక్క బుడగ లేదు. ఇక్కడితో ఆపేసేవాళ్లు చాలామంది ఉంటారు, ఎందుకంటే ఈ ఫలితం చూస్తే ఇంజన్ భేషుగ్గా ఉన్నట్టే. తర్వాత పంపుని వాక్యూమ్ వైపు మార్చి 0.5 బార్ లాగాను. చేయి వదిలీ వదలకముందే ముల్లు సున్నాకి జారిపోయింది. మళ్లీ లాగితే మళ్లీ అంతే.

ఆయిల్ సీలు పెదవి లోపలి వైపుకి తిరిగి ఉంటుంది. లోపల ప్రెజర్ ఉంటే ఆ పెదవి క్రాంక్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ముదిరిన సీలు కూడా పాసైపోతుంది. వాక్యూమ్‌లో మాత్రం పెదవి లేచిపోతుంది. నడిచే ఇంజన్‌లో పిస్టన్ పైకి వెళ్లిన ప్రతిసారీ క్రాంక్ కేసులో వాక్యూమే ఉంటుంది. అంటే గాలి లాగేది సరిగ్గా ఆ టెస్ట్‌లో ఫెయిలైన చోటే.

రెండు సీళ్లలో ఏది? మాగ్నెట్ (ఫ్లైవీలు) వైపు, క్లచ్ వైపు రెండూ విప్పక తప్పలేదు. క్లచ్ మర ఎడమ చేతిది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. చాలా మిషన్ల క్లచ్ మీద బాణం గుర్తు ఉంటుంది, దుమ్ము తుడిస్తే కనిపిస్తుంది. క్రాంక్ తిరగకుండా ప్లగ్గు రంధ్రంలోంచి నైలాన్ తాడు దూర్చాను. పిస్టన్ ఎగ్జాస్ట్ రంధ్రం దాటి పైకి వచ్చాకే తాడు పెట్టాలి, లేకపోతే అది రంధ్రంలోకి దూరి తెగుతుంది. మాగ్నెట్ పుల్లర్ పెట్టగానే టప్పుమని ఊడింది.

రెండు సీళ్లూ బయటపడ్డాక వాక్యూమ్ లాగుతూ ఒక్కో సీలు మీద రెండు చుక్కల ఆయిల్ వేశాను. మాగ్నెట్ వైపు ఆయిల్ చుక్క అలాగే నిలబడింది. క్లచ్ వైపు చుక్క క్రాంక్ చుట్టూ సన్నటి గీతలా పాకి, ఒక చోట గుంట పడి, లోపలికి సర్రున వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే సంతోషం వేసింది అప్పుడే, ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు కాదు.

సీళ్లు రెండూ ఆర్డర్ పెట్టాను. ఒకటి బాగానే ఉన్నా దాని వయసూ అంతే, మళ్లీ ఇదంతా విప్పే ఓపిక నాకు లేదు. పాత సీలు తీయడానికి దాని ముఖం మీద చిన్న స్క్రూ ఒకటి ఎక్కించి, ఆ స్క్రూని ప్లయర్‌తో పట్టి లాగాను. స్క్రూ డ్రైవర్‌తో పెళ్లగిస్తే క్రాంక్ మీద గీత పడుతుంది, ఆ గీత మీద ఏ కొత్త సీలూ నిలవదు. తీసిన సీలు వేలితో వంచితే వంగలేదు, పెదవి గోరులా గట్టిపడిపోయింది.

సెప్టెంబరు మొదటి వారంలో పిస్టన్ వచ్చింది. పెట్టె మీద మోడల్ పేరు సరిగ్గానే ఉంది. వెర్నియర్ పెడితే 44 కాదు, 44.7 వరసలోది. ఒకే మోడల్‌ని కంపెనీ మధ్యలో బోరు పెంచి తయారు చేయడం ఉంటుంది, అమ్మినవాళ్లు ఆర్డర్‌లో నేను రాసిన సైజు చదవలేదు. తిప్పి పంపడం, మళ్లీ రావడం, ఇంకో నెల గోవిందా. ఆ నెలంతా మిషన్ ముక్కలు ముక్కలుగా ట్రేలో ఉంది. ఇంట్లోవాళ్లు ఆ ట్రేని చూసే చూపు తట్టుకోవడం కూడా ఈ పనిలో భాగమే అనుకోండి.

ఖాళీగా ఉండలేక బోరు పని పట్టాను. బోరు లోపల ఎగ్జాస్ట్ రంధ్రం పక్కన పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం అతుక్కుని ఉంది. చూస్తే బోరే గీసుకుపోయినట్టు అనిపిస్తుంది గానీ గోరు పెడితే గుంటలా తగల్లేదు, ఉబ్బుగా తగిలింది. అంటే పైన పూసుకున్న లోహమే. ఈ బోర్లకి లోపల నికాసిల్ లాంటి గట్టి పూత ఉంటుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అల్యూమినియాన్ని తింటుంది, ఆ పూతని తినదు. కాబట్టి బడ్‌తో కొద్ది కొద్దిగా యాసిడ్ అద్దితే నురగ వచ్చి, బూడిద రంగు మురికిగా ఊడివస్తుంది. తుడిచి మళ్లీ అద్దాలి. రంధ్రాల అంచుల్లోకి పాకనివ్వకూడదు, అక్కడ ఉన్నది పూత లేని అల్యూమినియం. నురగ రావడం ఆగితే పైపూస పోయినట్టు. ఎంతకీ ఆగకపోతే పూత కూడా పోయింది, యాసిడ్ అసలు బోరునే తింటోంది, ఆ బోరు ఇక పనికిరాదు. నాది ఆగింది. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, స్కాచ్ బ్రైట్‌తో అటూ ఇటూ ఏటవాలుగా రుద్దాను. హోనింగ్ రాయి దీనికి వాడకూడదు.

యాసిడ్ పని ఆరుబయట, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని చేశాను. అయినా ఒక ఆశ్చర్యం మిగిలింది. సీసా మూత పెట్టి షెడ్‌లో ఒక మూల ఉంచితే, మర్నాటికి ఆ పక్కనే ఉన్న స్పానర్ల మీద ఎర్రగా తుప్పు. మూత గట్టిగా ఉన్నా ఆవిరి వస్తుందట. యాసిడ్ సీసాకి ఇనుప సామాన్లకి ఒకే గదిలో చోటు లేదు.

కార్బొరేటర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లోపల మెత్తగా ఆడాల్సిన సన్నటి పొరలు, అంటే డయాఫ్రంలు, రెండూ అట్టముక్కల్లా బిగుసుకుపోయాయి, లోపలి జల్లెడ మూసుకుపోయింది. కిట్టు వేసి, పెట్రోలు పైపు, ట్యాంకులోని ఫిల్టర్ మార్చేశాను. పాత పైపు వంచితే పగుళ్లు కనిపించాయి.

సరైన పిస్టన్ అక్టోబరు 10 తర్వాత చేరింది. కొత్త రింగుని బోరులో పెట్టి, పిస్టన్‌తో తిన్నగా కిందికి నెట్టి, రెండు కొనల మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టాను: 0.25 మిల్లీమీటర్లు. ఈ బోరుకి 0.2 కంటే తగ్గకూడదని చూసుకున్నాను, వేడికి రింగు సాగి కొనలు ఢీకొంటే మళ్లీ మొదటికొస్తుంది. పిస్టన్ మీద బాణం ఎగ్జాస్ట్ వైపు. రింగు గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు కొనలు దాని రెండు పక్కలా కూర్చోవాలి.

సర్‌క్లిప్పుల గురించి ఎవరూ ముందు చెప్పరు. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపే గజన్ పిన్ను పక్కకి జారకుండా చెరో పక్క ఉండే చిన్న తీగ చుట్టలు అవి. వాటిని గాడిలోకి నెట్టేటప్పుడు జారాయంటే గదిలో ఎక్కడ పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి. క్రాంక్ కేసులో పడితే మిషన్ తలకిందులు చేయాల్సిందే. అందుకే క్రాంక్ కేసు నోటికి గుడ్డ కుక్కి, మిషన్ పైభాగం మొత్తాన్ని పెద్ద పారదర్శకమైన పాలిథీన్ సంచిలో పెట్టి, చేతులు లోపలికి దూర్చి పని చేశాను. ఒక క్లిప్పు నిజంగానే ఎగిరింది, సంచిలోనే పడింది. క్లిప్పు నోరు పైకో కిందికో ఉండాలి, పక్కకి ఉండకూడదు. పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకునేటప్పుడు పక్కకి తిరిగిన నోరు కుదింపుకి గురై ఊడిపోయే ప్రమాదం ఉంది. పాత క్లిప్పులు మళ్లీ వాడకూడదు.

బోరు దింపి, కొత్త ప్యాకింగ్‌తో బోల్టులు ఎదురెదురు మూలలుగా కొద్ది కొద్దిగా బిగించాను. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డర్ తీగ పెట్టి క్రాంక్ తిప్పితే నలిగిన తీగ 0.7 మిల్లీమీటర్లు వచ్చింది. పిస్టన్ నెత్తికి, బోరు కప్పుకి మధ్య 0.5 అయినా ఉండాలి, కాబట్టి ఫర్వాలేదు. మాగ్నెట్‌కి, ప్లగ్గుకి నిప్పు ఇచ్చే కాయిల్‌కి మధ్య విజిటింగ్ కార్డు పెట్టి బిగించాను. ఆ మందం దాదాపు సరిపోతుంది.

మళ్లీ ట్యూబు ముక్కలు, మళ్లీ పంపు. వాక్యూమ్ 0.5. ముల్లు నిలబడింది. క్రాంక్ నెమ్మదిగా తిప్పినా నిలబడింది. ఇది చూశాకే పెట్రోలు పోశాను. కొత్త పిస్టన్ వేసి టెస్ట్ చేయకుండా స్టార్ట్ చేసి, వారంలో రెండో పిస్టన్ పోగొట్టుకునేవాళ్ల గోడు ఇదివరకే వినున్నాను.

అక్టోబరు 20 ఆదివారం పొద్దున స్టార్ట్ చేశాను. టెన్షన్ లేదంటే అబద్ధం. చోక్ వేసి కొన్నిసార్లు తాడు లాగితే ఒకసారి దగ్గింది. చోక్ సగానికి తీసి లాగితే పట్టుకుంది. తెల్లటి పొగ ఒక్కసారిగా కమ్మేసింది, బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలుతోంది అంతే. ఐడిల్‌లో కాసేపు ఉంచి, ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ స్టార్ట్ చేశాను. మిషన్‌ని ఏ పక్కకి వంచినా ఐడిల్ మారలేదు. బాబాయి చెప్పిన ఆ రేజ్ అవడం లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. పని పెట్టిన పది నిమిషాలకి ఆగిపోయింది. కాసేపాగితే స్టార్ట్ అయ్యి, మళ్లీ ఆగింది. వేడెక్కితే కాయిల్ పోతుందని ఎవరైనా చెప్తారు, కాయిలేమో ఖరీదైనది. కొనే ముందు, ఆగిన క్షణంలోనే ప్లగ్గు తీసి చూశాను. నిప్పు వస్తోంది. ప్లగ్గు మాత్రం పొడిగా ఉంది. అంటే పెట్రోలు రావట్లేదు. ట్యాంకు మూత వదులు చేయగానే సుయ్‌మని గాలి లోపలికి పోయింది, వెంటనే స్టార్ట్ అయింది. ట్యాంకుకి గాలి పోసే వెంట్ మూసుకుపోయింది. పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ లోపల వాక్యూమ్ పెరిగి కార్బొరేటర్‌కి పెట్రోలు అందడం ఆగిపోతోంది. వెంట్ చిన్న ముక్క, దాని ధర చెప్పుకోదగ్గది కాదు. అది వచ్చేసరికి మాత్రం ఇంకో పది రోజులు.

నవంబరులో ట్యూనింగ్. కార్బొరేటర్‌లో పెట్రోలు మోతాదు సర్దే లో, హై స్క్రూలు రెండూ పూర్తిగా మూసి ఒక్కో చుట్టు తెరిచి మొదలుపెట్టాను. ఎక్సలేటర్ పూర్తిగా నొక్కినప్పుడు శబ్దం సన్నగా, ఒకే తీరుగా కీచుమంటే మిశ్రమం పల్చగా ఉన్నట్టు, పిస్టన్‌కి గండం. కాస్త బొంగురుగా, తడబడుతున్నట్టు ఉండి, చైన్ కర్రలో దిగగానే ఆ తడబాటు పోయి నున్నగా మారాలి. చెవికి అలవాటు లేనప్పుడు ప్లగ్గు తీగకి చుట్టే టాకోమీటర్ పనికొస్తుంది. కంపెనీ చెప్పిన గరిష్ఠ వేగం 14 వేల దరిదాపుల్లో ఉంటే నేను మొదటి కొన్ని ట్యాంకులకి 12,500 దాటనివ్వలేదు. మొదట 135 ఉన్న కంప్రెషన్, రింగులు కుదురుకున్నాక 150కి చేరింది.

ఖర్చు మాట. విడిభాగాలన్నీ కలిపినా కొత్త మిషన్‌లో ఆరో వంతు కాలేదు. పంపు, గేజ్, పుల్లర్, టాకోమీటర్‌కి దాదాపు అంతే అయింది. ఒక్క మిషన్ కోసమే అయితే పనిముట్లు అడిగి తెచ్చుకోవడం మేలు, లేదా లీక్ టెస్ట్ ఒక్కటి బయట చేయించుకోవాలి. మాట్లాడేముందే "వాక్యూమ్ టెస్ట్ చేస్తారా?" అని అడగండి. ప్రెజర్ చాలు అనేవాళ్ల దగ్గర ఇవ్వకండి.

ప్రస్తుతం ఎండు కొమ్మలు, సన్నపాటి దుంగలు కోస్తున్నాను. చైన్ బ్రేక్ బ్యాండు బాగా అరిగిపోయి ఉంది, క్లచ్ విప్పినప్పుడే చూసి ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు. అది వచ్చేదాకా పెద్ద దుంగలు పెట్టదలుచుకోలేదు. బాబాయి మాత్రం వారానికోసారి ఫోన్ చేసి, మిషన్ ఎప్పుడు వెనక్కి ఇస్తావని అడుగుతున్నాడు.